మూసీ నీళ్లలో మైక్రోప్లాస్టిక్: ప్రాజెక్టు డైరీ

నవంబరు: ఎక్కడ తోడాలి, ఎప్పుడు తోడాలి

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేట దగ్గర ఆగి, హైదరాబాదు నడుమ నుంచి పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వానలు వెనకబట్టాక నగరం దాటే మూసీలో పారేది చాలామటుకు మురుగునీరే. అందులో కొంత శుద్ధి అయినది, కొంత కానిది. మైక్రోప్లాస్టిక్ (5 మి.మీ. లోపు ప్లాస్టిక్ ముక్కలు, పోగులు) పరీక్షకు ప్రపంచమంతా వాడే పద్ధతులు ఎక్కువగా సముద్రం కోసమో పెద్ద సరస్సుల కోసమో రాసినవి. వాటిని ఉన్నదున్నట్టు తెచ్చి మూసీ మీద పెడితే జల్లెడ మూసుకుపోతుంది, బీకరు పొంగుతుంది, లెక్క తప్పుతుంది. ఎక్కడెక్కడ ఏం మార్చామో, ఎందుకు మార్చామో రాసిపెట్టుకోవడానికే ఈ డైరీ.

నమూనా చోట్లు ఎగువ నుంచి దిగువకు ఇవి: గండిపేట జలాశయం, ఈసీ నది వచ్చి కలిసే బాపూఘాట్, చాదర్‌ఘాట్, నాగోలు వంతెన, ప్రతాపసింగారం, పిల్లాయిపల్లి కత్వ (చిన్న ఆనకట్ట). చాదర్‌ఘాట్‌కూ నాగోలుకూ మధ్యనే రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యమున్న అంబర్‌పేట శుద్ధి కేంద్రం ఉంది. అదే ముక్కలో హుస్సేన్ సాగర్ నాలా కూడా మూసీలో పడుతుంది. అందుకని ఈ రెండు చోట్ల అంకెల తేడా చూపించి 'ఇది శుద్ధి కేంద్రం పుణ్యం' అనో 'పాపం' అనో చెప్పడానికి వీల్లేదు. నాలా నీళ్లు కలవకముందు విడిగా తోడాలి, కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లూ విడిగా తోడాలి. రెండోదానికి అనుమతి కావాలి కాబట్టి దరఖాస్తు ముందే వెళ్లాలి.

పిల్లాయిపల్లి కత్వను ఎంచుకున్నది నీళ్లు అక్కడి నుంచి పొలాలకు మళ్లుతాయి కనుక. మూసీ వెంబడి వరి, గేదెల కోసం పెంచే పారాగడ్డి ఈ నీళ్లతోనే పండుతాయి. నదిలో ఎంత ప్లాస్టిక్ ఉందన్న ప్రశ్న కన్నా కాలువ తలుపు దాటి ఎంత పోతోందన్న ప్రశ్నే మాకు ముఖ్యం.

వేళ విషయంలో పట్టుదల అవసరం. నగరం స్నానాలు చేసి బట్టలు ఉతికే వేళలను బట్టి మురుగు ప్రవాహం పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ పోటు దిగువ ఊళ్లకు చేరేసరికి గంటలు పడుతుంది. ఒక చోట పొద్దున్నే, ఇంకో చోట సాయంత్రం తోడి రెండింటినీ పోల్చితే తేడా నదిదో గడియారందో తెలియదు. ప్రతి చోటా ఒకే వేళ, పనిదినాల్లోనే అని నియమం పెట్టాం. వినాయక నిమజ్జనం దగ్గర రోజులను కూడా వదిలేశాం. విగ్రహాల రంగు పెచ్చులు హుస్సేన్ సాగర్ నుంచి నాలా గుండా మూసీకి రావచ్చు. అవి కావాలంటే విడి అధ్యయనంగా చూడాలి, మిగతా వాటిలో కలపకూడదు.

నవంబరు చివర: వల వద్దు, బకెట్టు చాలు

300 మైక్రాన్ల (0.3 మి.మీ.) రంధ్రాలున్న మాంటా వల సముద్రంలో పడవ వెనక లాగడానికి బాగుంటుంది. మూసీలో దింపితే గుర్రపుడెక్క వేళ్లు, క్యారీబ్యాగులు, బురద ఉండలు మూతికి అడ్డం పడతాయి. మూతి దగ్గర ప్రవాహ మీటరు తిరుగుతూనే ఉంటుంది గానీ వల గుండా పోయే నీళ్లు తగ్గిపోతాయి. అంటే భాగహారంలో కిందుండే అంకే తప్పు. అంతకన్నా పెద్ద చిక్కు పోగులతో. పాలిస్టర్ బట్ట నుంచి రాలే పోగు పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లున్నా మందం 10 నుంచి 20 మైక్రాన్లే. నిలువుగా వచ్చిందంటే 300 మైక్రాన్ల రంధ్రం దానికి సింహద్వారం. ఉతుకు నీళ్లు నిండిన నదిలో పోగులను వదిలేసే పరికరం పెట్టుకుని పోగులు తక్కువున్నాయని రాయడం ఎవరినీ ఒప్పించదు.

అందుకని స్టీలు బకెట్టు, తాడు. తాడు కొబ్బరిపీచుదే కావాలి. బజారులో దొరికే నీలం, ఆకుపచ్చ తాళ్లు పాలీప్రొపిలీన్‌వో నైలాన్‌వో. వంతెన పిట్టగోడకు రాసుకున్నప్పుడల్లా పొట్టు రాలుస్తాయి. వంతెనకు ఎగువ అంచు నుంచి, ప్రవాహం నడిమధ్యలో దింపాలి. దిగువ అంచున దింపితే వంతెన మీది టైరు పొడి కూడా మన లెక్కలోకి వస్తుంది. బకెట్టును మూడుసార్లు నది నీళ్లతోనే తొలిచి పారబోసి, ఆ తర్వాత తోడిందే నమూనా.

నురగను తోడకూడదు. డిటర్జెంట్ నురగ తేలే ముక్కలను పట్టుకుని పైకి చేరుస్తుంది. బకెట్టులో ఒక గుప్పెడు నురగ పడినా లీటరుకు లెక్క మారిపోతుంది. కావాలంటే నురగను గాజు సీసాలో విడిగా పట్టి, విడి వరసలో రాయాలి.

ఎన్ని లీటర్లు? నగరంలో చోటుకు 10 లీటర్ల చొప్పున మూడు విడి నమూనాలు. అంతకు మించితే జల్లెడ తట్టుకోదు. గండిపేటలో 100 లీటర్లు. తేట నీళ్లలో తక్కువ పరిమాణం తీస్తే దొరికే ముక్కలు ప్రయోగశాల గాలిలో పడే ముక్కలతో సమానమై ఎటూ తేలవు. ఈ విషయం కింద బ్లాంక్‌ల (నది నీళ్లు లేకుండా చేసే పరీక్షల) దగ్గర మళ్లీ వస్తుంది.

జల్లెడల కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు. ఏ ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ విభాగంలోనైనా మట్టి పరీక్షకు ఐఎస్ జల్లెడలు ఉంటాయి: 4.75 మి.మీ., 300 మైక్రాన్లు, 75 మైక్రాన్లు. మైక్రోప్లాస్టిక్‌కు పై హద్దు 5 మి.మీ. అని వాడుకలో ఉంది. 4.75తో పనిచేస్తే ఆ మాట నివేదికలో రాయాలి, అంతే. ఆ జల్లెడలతో పాటు వచ్చే బ్రష్షును మాత్రం ముట్టుకోవద్దు, చాలావాటి కుచ్చు నైలాన్‌ది. జల్లెడను తిరగేసి, వడగట్టిన నీళ్లతో వెనక నుంచి కడగాలి. వీలైతే అల్ట్రాసోనిక్ తొట్టిలో కాసేపు ఉంచాలి.

75 మైక్రాన్ల జల్లెడ మీద మురుగు జిగురు పేరుకుంటే నీళ్లు నిలబడిపోతాయి. అప్పుడు వేలితో రుద్దాలనిపిస్తుంది. రుద్దకూడదు. రుద్దితే మెత్తని పొరలు చిరిగి ఒకటి రెండవుతాయి, పోగులు కిందికి దిగిపోతాయి. జల్లెడ చట్రాన్ని పక్క నుంచి తడుతూ చెంబెడు చెంబెడుగా పోయాలి. ఇంకో సంగతి, సగం మూసుకున్న జల్లెడ తన రంధ్రం కన్నా చిన్న ముక్కలను కూడా ఆపుతుంది. అందుకే నీళ్లు దిగడం మందగించగానే ఆపేసి, పట్టిన సరుకును గాజు సీసాలోకి కడిగి, శుభ్రమైన జల్లెడతో మిగతాది పోయాలి.

డిసెంబరు: ముందు బ్లాంక్, తర్వాతే నది

గదిలో గాలే పెద్ద కాలుష్యం. ఫ్యాను తిరిగితే బట్టల పోగులు ఎగురుతాయి. ఏసీ ఫిల్టరు, కిటికీ కర్టెన్, కుర్చీ గుడ్డ, చున్నీ, స్వెటర్ అన్నీ రాల్చేవే. ఫ్యాను ఆపడం, బల్లను తడి నూలుగుడ్డతో తుడవడం, ప్రతి బీకరు మీద అల్యూమినియం రేకు కప్పడం ఇక్కడి కనీస నియమాలు. కోటు నూలుదే కావాలి, తెల్లది కాకూడదు. ముదురు నారింజ రంగు అద్దించిన నూలు కోట్లు వాడుతున్నాం. ఆ రంగు పోగు ఫిల్టరు మీద కనిపిస్తే అది నది నుంచి వచ్చింది కాదని చూడగానే తెలుస్తుంది. నలుగురూ అదే రంగు వేసుకోవాలి, లేకపోతే ఈ ఏర్పాటు వృథా.

ప్లాస్టిక్ వాష్ బాటిల్ బదులు గాజుది. ఆర్వో నీళ్లయినా డిస్టిల్డ్ వాటరైనా 1.2 మైక్రాన్ల గాజుపోగుల ఫిల్టరు గుండా వడగట్టాకే వాడాలి. పెరాక్సైడ్, ఇనుము ద్రావణం, ఉప్పు నీళ్లు అన్నీ అంతే. ఉప్పులోనే మైక్రోప్లాస్టిక్ ఉంటుంది, దాన్ని కరిగించి నమూనాలో పోస్తే మనమే కలిపినట్టు.

ప్రతి విడతలో మూడు బ్లాంక్‌లు నడవాలి. నది నీళ్ల బదులు వడగట్టిన నీళ్లు, మిగతా పనంతా ఒకటే. నది ఒడ్డున కూడా తడి ఫిల్టరు వేసిన పెట్రీ డిష్‌ను తోడే సేపంతా మూత తీసి ఉంచాలి.

లెక్క ఇలా. చూపడానికి వేసిన అంకెలే, మూసీ ఫలితాలు కావు. మూడు బ్లాంక్‌లలో 4, 6, 8 ముక్కలు వచ్చాయనుకుందాం. సగటు 6, ప్రామాణిక విచలనం 2. సగటుకు విచలనం మూడింతలు కలిపితే 12. నమూనాలో 12 దాటకపోతే 'గుర్తింపు హద్దు లోపల' అని రాయాలి. సున్నా అనీ రాయకూడదు, పది వచ్చాయనీ రాయకూడదు. గండిపేటకు 100 లీటర్లు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. నీళ్లు పెంచితే నది ముక్కలు పెరుగుతాయి, జల్లెడ పనికి అదనంగా పట్టే సేపు తప్ప బ్లాంక్ పెద్దగా పెరగదు.

రెండో పరీక్ష తిరిగి దక్కే శాతం. ఫ్లోరసెంట్ గులాబీ రంగు మూతను ఆకురాయితో రాకి, 300 మైక్రాన్ల పైన ఆగినవి 20 ముక్కలు. అదే తరహా రంగు పాలిస్టర్ కుట్టుదారాన్ని మిల్లీమీటరు ముక్కలుగా కోసి, పురి విప్పి, 20 పోగులు. ఇవి బకెట్టులోనే వేయాలి, బీకరులో కాదు. బీకరులో వేస్తే జల్లెడ దగ్గర పోయేవి లెక్కకు రావు. ముక్కలకూ పోగులకూ శాతం విడివిడిగా చూడాలి. గాజు గోడకు అంటుకునేవి ఎక్కువగా పోగులే. ప్రతి పాత్రను మూడుసార్లు కడిగి ఆ నీళ్లూ కలిపితే చాలావరకు తిరిగి వస్తాయి.

జనవరి: జీర్ణం

జీర్ణమంటే పెరాక్సైడ్‌తో మురుగు, ఆకుల వంటి సేంద్రియ సరుకును తినిపించి ప్లాస్టిక్‌ను మిగల్చడం. అందరూ వాడే పద్ధతిలో జల్లెడ సరుకును 90 డిగ్రీల్లో 24 గంటలు ఆరబెట్టి తూకం వేస్తారు. మూసీ సరుకును అలా ఆరబెడితే పెంకు కడుతుంది. పెరాక్సైడ్ లోపలికి దిగదు. తూకం అవసరమైతే ఇంకో నమూనా తీసుకోవాలి, లెక్కించే నమూనా తడిగానే జీర్ణానికి వెళ్లాలి.

ఇనుము ద్రావణం: 500 మి.లీ. నీళ్లలో 3 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నెమ్మదిగా పోసి, 7.5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ కరిగించాలి. నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు కాదు. ద్రావణం లేత ఆకుపచ్చగా ఉన్నంతవరకే పనికొస్తుంది. పసుపు, గోధుమ రంగుకు తిరిగితే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అయిపోయిందని అర్థం, మళ్లీ చేసుకోవాలి.

నమూనాకు ఈ ద్రావణం 20 మి.లీ., 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 20 మి.లీ. అని పాఠం. పాఠంలో ఇంకా 75 డిగ్రీలకు వేడి చేయమని ఉంటుంది. మురుగు సరుకుకు ఆ వేడి అక్కర్లేదు, తనంతట తానే వేడెక్కుతుంది. పెరాక్సైడ్ ఒక్కసారి పోస్తే రెండు మూడు నిమిషాల్లో బీకరు పాలకుండలా పొంగి, నమూనా బల్ల మీదికొస్తుంది. పైగా 70 డిగ్రీలు దాటితే కొన్ని ప్లాస్టిక్‌లే మెత్తబడి ముద్దకడతాయి. మేం చేస్తున్నది: 500 మి.లీ. బీకరు, చుట్టూ మంచు తొట్టి, లోపల గాజు థర్మామీటరు, పెరాక్సైడ్ 5 మి.లీ. చొప్పున, 40 డిగ్రీలు దాటకుండా. బుడగలు తగ్గాక ఇంకో 5. ఆపైన రేకు వదులుగా కప్పి రాత్రంతా ఫ్యూమ్ హుడ్‌లో. సీసాకు బిగుతు మూత పెడితే పేలుతుంది. ఇంకా గోధుమరంగు సరుకు మిగిలితే మర్నాడు మళ్లీ 20 మి.లీ.

బీకరు అడుగున తుప్పురంగు మడ్డి కనిపిస్తే కారణం పీహెచ్. 3 దగ్గర ఉండాల్సింది పైకి పోయింది, ఇనుము హైడ్రాక్సైడ్‌గా దిగింది. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే కరిగిపోతుంది. ఆ మడ్డితోనే ఫిల్టరు చేస్తే ముక్కలన్నీ ఎర్రమట్టి పూసుకుని ఒకే రంగులో కనిపిస్తాయి.

తొందరపడి నైట్రిక్ ఆమ్లం వాడొద్దు. నైలాన్ కరిగిపోతుంది.

పెరాక్సైడ్‌కు లొంగనిది సెల్యులోజ్: టాయిలెట్ పేపరు, నూలు, ఆకుల నార. పీహెచ్ 5 బఫర్లో సెల్యులేజ్ ఎంజైమ్ వేసి 50 డిగ్రీల్లో రెండు రోజులు ఉంచితే కాగితం నార బాగా తగ్గుతుంది. రంగు అద్దిన నూలు, ముఖ్యంగా జీన్స్ నీలం, అయినా మిగులుతుంది. దాని సంగతి వర్ణపటం (పదార్థమేదో కాంతితో గుర్తించే పరీక్ష) దగ్గర తేల్చుకోవాలి.

జనవరి చివర: తేల్చడం

ప్లాస్టిక్ పైకి తేలి మట్టి మునిగేలా బరువైన ఉప్పు నీళ్లు కావాలి. వంట ఉప్పు కాకుండా ప్రయోగశాల సోడియం క్లోరైడ్, లీటరు నీళ్లకు సుమారు 360 గ్రాములు. సాంద్రత 1.2 దగ్గర వస్తుంది. 100 మి.లీ. తూచి చూసుకోవాలి, 120 గ్రాములకు దగ్గర పడకపోతే ఉప్పు పూర్తిగా కరగలేదు. ఇందులో పాలిథీన్, పాలీప్రొపిలీన్, పాలీస్టైరీన్, నైలాన్ తేలతాయి. పెట్ (PET) ప్లాస్టిక్ సాంద్రత 1.38 దగ్గర, అది మునుగుతుంది. పాలిస్టర్ పోగంటే ఈ పెట్ ప్లాస్టికే. ఉతుకు నీళ్ల నదిలో పాలిస్టర్‌ను అడుగున వదిలేసి ఫలితం రాయడం కుదరదు కనుక రెండో దఫా జింక్ క్లోరైడ్, 1.5 పైన. అది చర్మాన్ని తింటుంది, నీటి జీవులకు విషం, సింకులో పోయకూడదు. గాజుపోగుల ఫిల్టరు గుండా వడగట్టి సాంద్రత సరిచూసుకుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. సోడియం అయొడైడ్ ఇంకా బాగా పనిచేస్తుంది గానీ ఖరీదు చూస్తే చెయ్యి వెనక్కి వస్తుంది.

సెపరేటింగ్ ఫనెల్ కొళాయి టెఫ్లాన్‌ది అయితే తెల్లని పెచ్చులు రాలుతాయి. బ్లాంక్‌లో అవి కనిపిస్తే కారణం అదే. కొళాయికి గ్రీజు రాయొద్దు. రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగు మడ్డి వదిలి, పై నీళ్లు ఫిల్టరుకు పోయాలి.

ఫిల్టరు ఎంపిక తర్వాతి పరీక్షను బట్టి ఉంటుంది. కంటితో లెక్కించడానికి గాజుపోగుల ఫిల్టరు చాలు. మైక్రో ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతితో ప్లాస్టిక్ రకం చెప్పే పరికరం) కాంతి ఆరపార పోవాలంటే అల్యూమినియం ఆక్సైడ్ ఫిల్టరు. గళ్లు గీసిన సెల్యులోజ్ నైట్రేట్ మెంబ్రేన్ చౌక, లెక్కకు సుళువు. కానీ దాని మీద ఎసిటోన్‌లో కలిపిన నైల్ రెడ్ (ప్లాస్టిక్‌ను మెరిపించే రంగు) పోస్తే మెంబ్రేనే కరుగుతుంది. నైల్ రెడ్ మీద మాకు పెద్ద నమ్మకం లేదు. జీర్ణం కాని కొవ్వు ముద్ద కూడా ప్లాస్టిక్‌లాగే మెరుస్తుంది, ముదురు రంగు పోగు అసలు మెరవదు. మురుగునీటిలో ఈ రెండూ పుష్కలం.

ఫిబ్రవరి: కన్ను చూసింది, పరికరం చెప్పింది

స్టీరియో మైక్రోస్కోపు కింద 40 రెట్లలో చూడాలి. నూలుపోగు చదునైన రిబ్బనులా మధ్యమధ్యలో మెలిక తిరిగి ఉంటుంది. ఉన్నికి పొలుసులు. పాలిస్టర్ పొడవంతా ఒకే మందం, మొన తెగ్గొట్టినట్టు. ఫోర్సెప్స్‌తో నొక్కితే పొడి అయ్యేది బొగ్గో బూడిదో. వేడి సూది దగ్గరకు తెస్తే ప్లాస్టిక్ ముడుచుకుంటుంది. కానీ అలా పరీక్షించిన ముక్క మళ్లీ వర్ణపటానికి పనికిరాదు, కాబట్టి సూదిని చివరికి ఉంచుకోవాలి. తెల్లవి, పారదర్శకమైనవి కంటికి చిక్కవు. ఫిల్టరు అడుగున నల్ల కాగితం పెట్టి ఇంకోసారి చూడాలి.

వర్ణపటానికి ముక్కలు ఎంచేటప్పుడు ఎర్రవి, నీలివి ఏరుకోవడం అందరికీ ఉన్న అలవాటు. దానికి విరుగుడు: ఫిల్టరును గళ్లుగా విభజించి, చీటీ తీసి వచ్చిన గడిలో ఉన్నవన్నీ పరీక్షించడం. అర మిల్లీమీటరు దాటినవి ఏటీఆర్ (ముక్కను స్ఫటికానికి నొక్కి చదివే ఎఫ్‌టీఐఆర్ అమరిక) మీద నేరుగా పెట్టొచ్చు. సన్న పోగులకు మైక్రో ఎఫ్‌టీఐఆర్ గానీ రామన్ (లేజరు కాంతితో చదివే పరికరం) గానీ కావాలి. రామన్‌లో ముదురు రంగు పోగు తన రంగు సంకేతాన్నే చూపించి అడుగున ఉన్న ప్లాస్టిక్‌ను దాచేస్తుంది.

మూసీ నమూనాల్లో అన్నిటికన్నా మోసం చేసేది నైలాన్. పరారుణ వర్ణపటంలో నైలాన్‌కు 3300, 1635, 1540 దగ్గర శిఖరాలు (ఈ అంకెలన్నీ వేవ్ నంబర్లు, cm⁻¹లో). జీర్ణం చాలని ముక్క మీద మిగిలిన సూక్ష్మజీవుల పొరలో ప్రొటీన్ ఉంటుంది, దాని శిఖరాలూ 3300, 1650, 1540 పక్కనే. సాఫ్ట్‌వేర్ 70 శాతం పైన పోలిక చూపించి నైలాన్ అనేస్తుంది. నైలాన్ శిఖరాలు సన్నగా, నిటారుగా ఉంటాయి, 2930, 2860 దగ్గర జంటగా స్పష్టంగా లేస్తాయి. ప్రొటీన్‌వి వెడల్పుగా, భుజాలు దిగిపోయి ఉంటాయి. అనుమానముంటే ఆ ముక్కనే పెరాక్సైడ్‌లో మళ్లీ వేసి చూడాలి. ప్రొటీన్ శిఖరాలు కుంచించుకుపోతాయి, నైలాన్‌వి నిలబడతాయి.

నైట్రైల్ చేతొడుగులతో ఇంకో చిక్కు. వాటి మీద ఉండే స్టియరేట్ లవణాలు ఫిల్టరుకు అంటితే పాలిథీన్‌ను తలపించే వర్ణపటం ఇస్తాయి. చేతొడుగు తప్పదు, ఫిల్టరును మాత్రం ఫోర్సెప్స్‌తోనే పట్టాలి. ఎండ దెబ్బ తిని వచ్చిన పాలిథీన్‌కు 1715 దగ్గర కొత్త శిఖరం మొలుస్తుంది, కొత్త ప్లాస్టిక్‌ల వర్ణపటాల లైబ్రరీతో పోలిస్తే శాతం తగ్గుతుంది. ఎండలో పెట్టిన క్యారీబ్యాగుల ముక్కలతో మనమే చిన్న లైబ్రరీ తయారుచేసుకుంటే ఆ ముక్కలు చేజారవు.

లెక్క రాసే తీరు, మళ్లీ చూపడానికి వేసిన అంకెలతో: 10 లీటర్లలో 58 అనుమానపు ముక్కలు, బ్లాంక్ సగటు 6 తీస్తే 52, అంటే లీటరుకు 5.2. పరీక్షకు పెట్టిన 40లో 26 ప్లాస్టిక్‌గా తేలితే 65 శాతం, లీటరుకు దాదాపు 3.4. పక్కనే జల్లెడ 75 మైక్రాన్లనీ, పోగుల తిరిగి దక్కిన శాతం ఎంతనీ రాయాలి. దక్కిన శాతంతో భాగించి అంకెను పెంచి చూపేవాళ్లున్నారు. మేం భాగించం, శాతాన్ని పక్కన పెడతాం, చదివేవాళ్లు తమ లెక్క తాము చేసుకుంటారు. 300 మైక్రాన్ల వలతో వచ్చిన అంకెలతో ఈ పట్టికను పోల్చాలనుకునేవాళ్ల కోసం 300 పైన ఆగినవాటిని విడి వరసలో ఇస్తున్నాం.

మిగిలిన పని

నల్లని రబ్బరు ముక్కలు 'ఏమిటో తేలనివి' అన్న డబ్బాలో పోగుపడుతున్నాయి. టైరులోని కార్బన్ బ్లాక్ పరారుణ కాంతిని మింగేస్తుంది కాబట్టి ఎఫ్‌టీఐఆర్ చేతులెత్తేస్తుంది. ఫోర్సెప్స్‌తో నొక్కితే సాగి తిరిగి రావడం ఒక గుర్తే గానీ రుజువు కాదు. పైరాలిసిస్ జీసీఎంఎస్ (ముక్కను వేడితో విడగొట్టి, వచ్చే ఆవిరిని బట్టి గుర్తించే యంత్రం) ఉన్న చోట యంత్రం ఖాళీ దొరికేదాకా వాటిని రేకులో చుట్టి, చోటు పేరు, తేదీ రాసి పెట్టాలి.

శుద్ధి కేంద్రాలు నీళ్ల నుంచి తీసిన ప్లాస్టిక్ చాలావరకు బురదలోకే చేరుతుంది, కనుక తర్వాతి విడత బురద మీద. 10 గ్రాముల తడి బురద చాలు, పెరాక్సైడ్ మాత్రం నీళ్ల నమూనా కన్నా ఎన్నో రెట్లు పడుతుంది, మంచు కూడా. ఆపైన తొలకరి. మొదటి వానకు రోడ్ల మీది పొడి అంతా నాలాల గుండా ఒక్కసారిగా దిగుతుంది, కాబట్టి చాదర్‌ఘాట్‌లో వాన మొదలైనప్పటి నుంచి అరగంటకొక బకెట్టు తోడేలా స్టీలు క్యాన్లు, కొబ్బరితాడు, కడిగిన జల్లెడలు జూన్ రాకముందే సర్ది ఉంచాలి. వంతెనకు నీళ్లు తగిలే సూచన కనిపిస్తే తోడడం ఆపేసి వెనక్కి రావాలి.